సిరా వీధి – 9: వారానికి ఆరు రాత్రులు ఖాళీ

లండన్ ఇస్లింగ్టన్‌లోని అల్మైడా థియేటర్లో 2017 జూన్‌లో ‘ఇంక్’ అనే నాటకం వేశారు. తెర లేచేసరికి ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటూ ఉంటారు. ఒకాయన పత్రికలు కొనే మనిషి, రెండో ఆయన పత్రికలు తయారుచేసే మనిషి. వార్తకి ఏమేం కావాలో రెండో ఆయన చెబుతుంటాడు: ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. జర్నలిజం పాఠాల్లో మొదటి రోజు నేర్పే ఐదు ప్రశ్నలే. అయితే ఐదోది అక్కర్లేదు పొమ్మంటాడు. ఎందుకన్నది తెలిసిపోతే కథ కంచికి చేరినట్టే. పాఠకుడు రేపు మళ్ళీ డబ్బులు పెట్టి పత్రిక కొనాలంటే, తర్వాత ఏం జరుగుతుందో అన్న ఆత్రం వాడిలో మిగిలుండాలి.

కొనే మనిషి రూపర్ట్ మర్డాక్, వయసు 38. తయారుచేసే మనిషి లారీ లాంబ్, వయసు 40. కాలం 1969. కొనఊపిరితో ఉన్న ‘సన్’ పత్రికని వీళ్ళిద్దరూ పట్టుకుని, లండన్ పత్రికల వీధి ఫ్లీట్ స్ట్రీట్‌ని తలకిందులు చేసిన వైనమే నాటకం. రాసినవాడు జేమ్స్ గ్రాహం. నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గు గనుల సీమలోని మాన్స్‌ఫీల్డ్‌లో పుట్టాడు. 1974–79 నాటి బ్రిటిష్ పార్లమెంటులో ఒక్కో ఓటు కోసం విప్‌లు పడ్డ తిప్పలన్నీ ‘దిస్ హౌస్’ నాటకంగా మలిచినవాడు. ఆఫీసు తగాదాల్లోంచి, మీటింగుల్లోంచి ఉత్కంఠ పుట్టించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. దర్శకుడు రూపర్ట్ గూల్డ్. రంగస్థలం మీద బల్లలు, కుర్చీలు, బీరువాలు ఒకదాని మీద ఒకటి కొండలా పేర్చి పెట్టారు. నటులు వాటి మీదకి ఎక్కుతూ దిగుతూ పత్రిక నడుపుతారు, మధ్యలో పాడతారు, ఆడతారు. మర్డాక్ వేషం కట్టిన బెర్టీ కార్వెల్‌కి లండన్‌లో ఒలివియర్ అవార్డు, నాటకం 2019లో బ్రాడ్‌వేకి వెళ్ళాక టోనీ అవార్డు వచ్చాయి.

నాటకం ఆ ఐదో ప్రశ్నని అలా పక్కకి తోసేసి పరుగు అందుకుంటుంది. నాటకానికి అది చెల్లుతుంది, చరిత్రకి చెల్లదు. సన్ ఎందుకు గెలిచిందని అడిగితే ఎవరైనా తడుముకోకుండా చెప్పే జవాబు మూడో పేజీలో వేసిన నగ్న చిత్రం. అది తప్పు జవాబని ఈ వారం నా వాదన. ఆ ఫొటో రావడానికి ఏడాది ముందే సన్ పరుగు మొదలైంది. దానికి కారణం బూవరీ స్ట్రీట్‌లో ఒక భవనం కింద వారానికి ఆరు రాత్రులు పనిలేక పడున్న అచ్చుయంత్రాలు.

ముందు సన్ వంశం సంగతి చెప్పాలి. 1911లో లండన్ ప్రెస్సు కార్మికులు సమ్మె చేస్తూ తమ గోడు చెప్పుకోవడానికి ఒక చిన్న పత్రిక వేశారు, ‘డైలీ హెరాల్డ్’. మరుసటి ఏడాది అది కార్మికుల దినపత్రికగా మళ్ళీ మొదలైంది. జార్జ్ లాన్స్‌బరీ దాన్ని నడిపాడు, తర్వాత 1922లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ చేతికి వచ్చింది. 1930లో ఓడమ్స్ కంపెనీ 51 శాతం వాటా తీసుకుంది, 49 శాతం యూనియన్ల దగ్గరే ఉంది. ఓడమ్స్ వాళ్ళు ఇంటింటికీ మనుషుల్ని పంపి, చందా కడితే డికెన్స్ నవలల సెట్టు, విజ్ఞాన సర్వస్వాలు ఇచ్చారు. పోటీ పత్రికలూ తగ్గలేదు, అవీ పుస్తకాలు పంచాయి. 1933లో హెరాల్డ్ 20 లక్షల కాపీలు దాటింది. ప్రపంచంలో ఏ దినపత్రికా అప్పటికి అంత అమ్మలేదు. చదివేవాళ్ళు దండిగానే ఉన్నారు కానీ వాళ్ళ జేబుల్లో డబ్బు లేదు. అందుకని ప్రకటనలిచ్చేవాళ్ళు రాలేదు. పైగా ఆ పాఠకులు ముసలివాళ్ళవుతూ వచ్చారు, వాళ్ళ పిల్లలు ‘డైలీ మిర్రర్’ వైపు పోయారు.

1961లో మిర్రర్ కంపెనీయే ఓడమ్స్‌ని కొనేసింది. కొన్న పాపానికి హెరాల్డ్ నెత్తిన పడింది. ఏడేళ్ళ దాకా మూసేయబోమని యూనియన్లకి మాటిచ్చారు. మిర్రర్ సారథి హ్యూ కడ్లిప్‌ని గత వారం చూశాం: 24 ఏళ్ళకే ఒక ఆదివారం పత్రికకి ఎడిటరైన వెల్ష్ కుర్రాడు, ఇప్పుడు ఫ్లీట్ స్ట్రీట్ మహారాజు. ఆయన 1964 సెప్టెంబరులో హెరాల్డ్‌కి సన్ అని పేరు మార్చి, కొత్త తరం కోసం కొత్త పత్రిక అంటూ విడుదల చేశాడు. పేరు మారింది, పెద్ద కాగితం సైజు మారలేదు, నష్టాలూ మారలేదు. 1969 నాటికి అమ్మకం 8 లక్షల చిల్లరకి దిగింది. అదే సమయంలో ఆయన సొంత బిడ్డ మిర్రర్ 50 లక్షలకి అటూఇటూ అమ్ముతోంది.

మూసేద్దామంటే యూనియన్ల భయం. సన్‌లో కోపం వస్తే మిర్రర్‌లో యంత్రాలు ఆగుతాయి. సరిగ్గా అప్పుడు ఇద్దరు ముందుకొచ్చారు. రాబర్ట్ మాక్స్‌వెల్ ఊరికే ఇస్తే నడుపుతానన్నాడు, కానీ చాలామంది ఉద్యోగాలు పోతాయన్నాడు. మర్డాక్ డబ్బిస్తానన్నాడు, మాక్స్‌వెల్ కంటే తక్కువమందిని తీసేస్తానన్నాడు. నాట్సోపా అనే ప్రెస్సు కార్మికుల యూనియన్ నాయకుడు రిచర్డ్ బ్రిగిన్‌షా మర్డాక్ వైపు మొగ్గాడు. బేరం సుమారు 8 లక్షల పౌండ్లకి తెగింది, అదీ వాయిదాల మీద. కడ్లిప్ పీడ విరగడైందనుకున్నాడు. ఈ ఆస్ట్రేలియా కుర్రాడు ఏడాదిలో చేతులు కాల్చుకుని పోతాడు, పాపం మన నెత్తిన పడదు అని లెక్క వేసుకున్నాడు.

మర్డాక్ పేరు మన ఇళ్ళకీ కొత్తది కాదు. 1993లో హాంకాంగ్ నుంచి నడిచే స్టార్ టీవీని చేజిక్కించుకున్నది ఈయనే. 2015లో మా టీవీని కొన్న స్టార్ ఇండియా, 2019లో డిస్నీకి పోయేదాకా, ఈయనగారి సామ్రాజ్యంలోదే. కానీ 1969లో ఆయన లండన్‌కి బయటివాడు. తండ్రి కీత్ మర్డాక్ 1915లో గల్లిపోలీ యుద్ధరంగంలో జరుగుతున్న ఘోరాన్ని ఉత్తరంగా రాసి పేరు తెచ్చుకున్న విలేకరి, తర్వాత పెద్ద పత్రికాధిపతి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివేటప్పుడు గదిలో లెనిన్ విగ్రహం పెట్టుకున్న కొడుకు, తండ్రి పోయాక అడిలైడ్‌లో మిగిలిన ఒక పత్రికతో మొదలుపెట్టి, పదిహేనేళ్ళలో ఆస్ట్రేలియా అంతా పాకాడు. 1969 జనవరిలో మాక్స్‌వెల్‌ని ఓడించి ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ దక్కించుకున్నాడు. ఆ పోరులో దాని సంపాదకుడు మాక్స్‌వెల్ చెకోస్లోవేకియా పుట్టుకని ఎత్తిచూపి, మా పత్రిక అచ్చమైన బ్రిటిష్ సరుకు అని సంపాదకీయం రాశాడు. చివరికి ఆ సరుకు ఆస్ట్రేలియావాడి బుట్టలో పడింది. ఆ సంపాదకుణ్ణి కూడా ఏడాది తిరిగాక మర్డాక్ ఇంటికి పంపాడు.

బూవరీ స్ట్రీట్‌లోని న్యూస్ ఆఫ్ ది వరల్డ్ వారానికి సుమారు 60 లక్షల కాపీలు అమ్మే ఆదివారం పత్రిక. అన్ని కాపీలు ఒక్క శనివారం రాత్రిలో అచ్చేయాలంటే ఎన్ని యంత్రాలుండాలో ఊహించండి. మిగతా ఆరు రాత్రులు వాటికి పని లేదు. కల్యాణమండపం కట్టి వారానికి ఒక్క పెళ్ళికే తాళం తీసినట్టు. స్థలం, యంత్రాలు, కరెంటు లైన్లు, మనుషులు అన్నింటికీ ఖర్చు ఎలాగూ ఉంది. ఆ యంత్రాల మీద ఒక దినపత్రిక వేస్తే దాని అచ్చు ఖర్చు దాదాపు మిగులే. కడ్లిప్‌కి సన్ గుదిబండ, మర్డాక్‌కి అదే పత్రిక ఖాళీ యంత్రాలకి మేత. రెండు లెక్కల పుస్తకాల్లో ఒకే పత్రిక విలువ ఇంత తేడాగా ఎలా ఉందో కడ్లిప్‌కి తట్టకపోవడమే నాకు వింత. ‘ఇంక్’లో మర్డాక్ సగం సైతానులా కనిపిస్తాడు, లాంబ్ ఆత్మని బేరమాడినట్టు ఉంటుంది. రంగస్థలం మీద అది రక్తి కడుతుంది. అసలు మర్డాక్‌ని చూస్తే నాకు సైతాను కంటే పక్కా గుమాస్తా కనిపిస్తాడు.

యంత్రాలు ఉన్నాయి సరే, అవి పెద్ద సైజువి. కొత్త సన్ సగం సైజులో రావాలి. మన జిల్లా ఎడిషన్లు తిప్పినవాళ్ళకి ఆ సైజు తెలుసు. బస్సులో పక్కవాడికి మోచెయ్యి తగలకుండా చదువుకోవచ్చు. ఈ యంత్రాల మీద ఆ మడత కుదరదని ప్రెస్సువాళ్ళు తేల్చి చెప్పారట. మర్డాక్ చిన్నప్పటినుంచీ అచ్చుయంత్రాల మధ్య తిరిగినవాడు. ఆ తయారీ యంత్రాలకి అదనపు మడత వేసే కడ్డీలు కంపెనీయే ఇస్తుందని ఆయనకి తెలుసు. యంత్రం పైకెక్కి, ఒక పెట్టెలో గోనెగుడ్డ చుట్టి జిడ్డు పట్టి ఉన్న కడ్డీల్ని బయటకి తీశాడని ఆ ఆఫీసువాళ్ళు తరాలుగా చెప్పుకునే ముచ్చట. ఎంత కల్పించారో గానీ, మనిషి తీరు అందులో ఉంది.

ఇక లారీ లాంబ్. యార్క్‌షైర్‌లో ఫిట్జ్‌విలియం అనే గని ఊళ్ళో, గని కమ్మరి ఇంట పుట్టాడు. కాలేజీ గడప తొక్కలేదు. మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా, యూనియన్ కార్యకర్తగా చేసి, పత్రికల్లోకి వచ్చి మిర్రర్‌లో సబ్ ఎడిటర్ అయ్యాడు. అక్కడ ఎదగలేక మాంచెస్టర్ వెళ్ళి ‘డైలీ మెయిల్’ ఉత్తరాది ఎడిటర్‌గా కూర్చున్నాడు. మిర్రర్‌లో పెద్దకుర్చీ తనకి దక్కదని లాంబ్‌కి అర్థమైంది. ఆ మంట ఆయనలో ఉంది. దానికి తోడు వృత్తిపరమైన అభిప్రాయం కూడా ఒకటుంది. కడ్లిప్ పాఠకులు చదువుకుని పైకొస్తున్నారని నమ్మి 1968లో మిర్రర్ లోపల ‘మిర్రర్‌స్కోప్’ పేరుతో అంతర్జాతీయ వ్యవహారాల గంభీరమైన అనుబంధం మొదలుపెట్టాడు. కార్మికుడికి జ్ఞానం పంచాలన్న మంచి కోరికే. ఆ కార్మికుల ఇళ్ళలో పుట్టిన లాంబ్ మాత్రం దాన్ని చూసి, ఇది మావాళ్ళకి పాఠం చెప్పడం, మావాళ్ళతో మాట్లాడటం కాదు అనుకున్నాడు. సన్‌ని అర్థం చేసుకోవాలంటే ఈ తేడా దగ్గర కాసేపు ఆగాలి. ఇద్దరూ కార్మికుడి పేరే చెప్పారు. కార్మికుడు ఎదగాలని ఒకడు అనుకున్నాడు, వాడు సాయంత్రం సరదాగా ఉండాలని ఇంకొకడు అనుకున్నాడు. పత్రిక అమ్ముకునే విద్యలో రెండోవాడిదే పైచేయి.

బృందాన్ని పోగేయడానికి దొరికింది కొద్ది వారాలే. నాటకంలో ఈ భాగం పండగలా ఉంటుంది. లాంబ్ ఒక్కొక్కణ్ణి వెతికి పట్టుకుని, అవమానాలు పడి మూల కూర్చున్న డెస్కు మనుషుల్ని, తాగుబోతుల్ని, తిక్కమనుషుల్ని జట్టు కడతాడు. అసలు కథలోనూ మనుషులు తక్కువే. మిర్రర్‌తో పోలిస్తే మూడోవంతు కూడా ఉండరు. మహిళల పేజీలు చూడటానికి వచ్చిన జాయిస్ హాప్‌కిర్క్ పేరు ఇక్కడ గట్టిగా చెప్పాలి. ‘పేస్‌సెట్టర్స్’ అనే ఆ పేజీలు వంటలూ అల్లికల దగ్గర ఆగిపోకుండా జీతాలు, కాపురాలు, శృంగారం గురించి ఆడవాళ్ళతో సూటిగా మాట్లాడాయి. సన్ మగవాళ్ళ పత్రికన్న ముద్ర తర్వాత పడింది కానీ, ఆ మొదటి ఏళ్ళలో పెరిగిన పాఠకుల్లో ఆడవాళ్ళ వాటాని చరిత్రకారులు చిన్నచూపు చూస్తారు. నాటకంలో హాప్‌కిర్క్ ఒక పాత్రే, ఆమెకి ఇంకాస్త చోటివ్వాల్సింది.

1969 నవంబరు 16, ఆదివారం రాత్రి. అప్పట్లో పేజీ అచ్చుకి వెళ్ళడమంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. నాటకంలో నాకు బాగా నచ్చిన దృశ్యమూ అదే. విలేకరి టైపు కొట్టిన కాగితం సబ్ ఎడిటర్ దిద్దుతాడు. అది లైనోటైపు యంత్రం దగ్గరికి వెళుతుంది. ఆపరేటరు మీట నొక్కుతుంటే ఇత్తడి అచ్చులు వరసగా జారి పడతాయి, వాటి మీదకి కరిగిన సీసం వచ్చి ఒక్కో పంక్తి ఒక్కో కడ్డీగా గడ్డకడుతుంది. చేతిలోకి తీసుకుంటే కాలుతుంది. ఆ కడ్డీల్ని ‘స్టోన్’ అనే ఉక్కుబల్ల మీద ఇనుప చట్రంలో పేజీగా పేరుస్తారు. అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. అనుభవమున్నవాడు అద్దంలో ప్రతిబింబాన్ని చదివినట్టు చదివేస్తాడు. తర్వాత పేజీ మీద తడి అట్ట పరిచి ఒత్తితే అక్షరాల గుంటలు దిగుతాయి. ఆ అట్టని వంచి మళ్ళీ సీసం పోస్తే విల్లులా వంగిన పలక వస్తుంది. దాన్ని యంత్రం సిలిండరుకి బిగించాలి, ప్రతి పేజీకీ, ప్రతి యంత్రానికీ.

స్టోన్ దగ్గర నిలబడే జర్నలిస్టుకి ఒక లక్ష్మణరేఖ ఉంది. హెడ్డింగు రెండక్షరాలు ఎక్కువైందని నోటితో చెప్పొచ్చు, వేలు పెట్టకూడదు. సీసాన్ని ముట్టే హక్కు కంపోజిటర్లది. ఎడిటరైనా సరే ముట్టుకుంటే ‘చాపెల్’ అంటే ఆ విభాగపు యూనియన్ శాఖ మొత్తం చేతులు కడుక్కుని బయటికి నడుస్తుంది. చాపెల్ పెద్దని ‘ఫాదర్’ అనాలి. నాటకంలో ఆ ఫాదర్ పాత్ర లాంబ్‌ని ముప్పుతిప్పలు పెడుతుంది, ప్రేక్షకులు నవ్వుతారు. నవ్వాల్సిందే. ఆ నియమాల వెనక తరతరాల భయం ఉందన్నదీ మర్చిపోకూడదు. ఆ సీసమే వాళ్ళ అన్నం, దాని చుట్టూ గోడ కట్టుకోకపోతే మర్నాడే గుమ్మం బయట.

ఆ రాత్రి పేజీలు ఆలస్యమయ్యాయి, యంత్రాలు ఆలస్యమయ్యాయి, మొదటి కాపీల్లో తప్పులు కుప్పలు. చొక్కా చేతులు మడిచి, మొదటి కాపీ పట్టుకుని నిలబడ్డ మర్డాక్ ఫొటో చాలా ప్రసిద్ధం. మొదటి పేజీ బ్యానరు గుర్రప్పందేల్లో మత్తుమందు గురించి. సరిగ్గా ఆ సోమవారం అపోలో 12 వ్యోమగాములు చంద్రుడి దారిలో ఉన్నారు. లోపల జాక్వెలిన్ సుసాన్ నవల ‘ది లవ్ మెషిన్’ ధారావాహికంగా మొదలైంది. అవతల మిర్రర్ ఆఫీసులో కడ్లిప్ బృందం విందు చేసుకుంటూ ఎదురుచూస్తోంది. కాపీ చేతికొచ్చాక అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఈ చిత్తుకాగితంతోనా మనకి పోటీ అని గ్లాసులు తగిలించుకున్నారు.

కాస్త జాగ్రత్తగా తిప్పి ఉంటే నవ్వు ఆగేది. అందులో ఉన్నది సగానికి సగం మిర్రరే, అదీ పదేళ్ళ కిందటి మిర్రర్. మిర్రర్‌లో ‘లైవ్ లెటర్స్’ ఉంటే ఇక్కడ ‘లైవ్‌లియెస్ట్ లెటర్స్’. అక్కడ ‘గార్త్’ అనే కార్టూన్ వీరుడుంటే ఇక్కడ ‘స్కార్త్’. సిగ్గు పడే రకం కాదు లాంబ్. తను సబ్‌గా పనిచేసిన రోజుల్లో మిర్రర్ ఎంత చురుగ్గా, ఎంత అల్లరిగా ఉండేదో దాన్నే ఎత్తుకొచ్చి, తర్వాత వాళ్ళు ఎక్కించిన గాంభీర్యాన్ని పీకేశాడు. కడ్లిప్‌ని కడ్లిప్ అస్త్రంతోనే కొట్టాడు.

ఒక్కటి మాత్రం లాంబ్ సొంతం, టీవీ. మిగతా పత్రికలకి టీవీ శత్రువు, దాని పేరెత్తడమే నామోషీ. బీబీసీ 1, ఐటీవీ ఛానెళ్ళు రంగుల్లోకి మారింది 1969 నవంబరు 15న, అంటే సన్‌కి సరిగ్గా రెండు రోజుల ముందు. జనం సాయంత్రాలు ఎక్కడ గడుపుతున్నారో లాంబ్ చూశాడు. టీవీ తారల కబుర్లతో పేజీలు నింపాడు. మర్డాక్ టీవీ ప్రకటనల మీద ధారాళంగా ఖర్చు పెట్టాడు. రేపటి సన్‌లో ఏముందో ఊపిరాడనంత వేగంగా అరిచి చెప్పే ప్రకటనలు, వారం వారం కొత్తవి. బహుమతులు, పోటీలు, ప్రత్యేక వారాలు సరే సరి. ఏడాది తిరిగేసరికి అమ్మకం రెట్టింపు అయింది. మూడో పేజీ అప్పటికింకా పుట్టలేదు.

నవ్వులాట హఠాత్తుగా ఆగే చోటు నాటకం రెండో అంకంలో వస్తుంది. దాన్ని గ్రాహం కల్పించలేదు. 1969 డిసెంబరు 29 సాయంత్రం వింబుల్డన్‌లోని ఇంట్లోంచి మ్యూరియల్ మెకే అనే 55 ఏళ్ళ ఆవిడ మాయమైంది. భర్త ఆలిక్ మెకే మర్డాక్‌కి కుడిభుజం. మర్డాక్ దంపతులు ఆస్ట్రేలియా వెళుతూ కంపెనీ రోల్స్ రాయిస్ కారు వాళ్ళకి ఇచ్చి వెళ్ళారు. మర్డాక్ భార్యని ఎత్తుకెళ్ళి డబ్బు గుంజాలనుకున్న ఇద్దరు అన్నదమ్ములు ఆ కారు వెంబడి వచ్చి, పొరపాటున ఈవిడని తీసుకుపోయారు. 10 లక్షల పౌండ్లు అడిగారు. వార్త ఆ రాత్రే బయటికి పొక్కింది. పత్రికలు, టీవీ ఎగబడ్డాయి. ఆకతాయిల ఫోన్లు, జ్యోతిష్కుల ఫోన్లు, అబద్ధపు బెదిరింపులు ఆ ఇంటి ఫోనుని ముంచెత్తాయి. అసలు దుండగుల ఫోను ఏదో పోల్చుకోవడమే పోలీసులకి కష్టమైంది. 1970 అక్టోబరులో, మృతదేహం దొరక్కుండానే, ఆ ఇద్దరికీ హత్యానేరం కింద శిక్ష పడింది. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వాళ్ళ పొలాన్ని 2022లో, మళ్ళీ 2024లో తవ్వారు. ఏమీ దొరకలేదు.

తర్వాతేమైందన్న ఆత్రాన్నే సరుకుగా అమ్మిన పత్రికాఫీసుకి, ఆ ఆత్రం సొంత మనిషి ప్రాణం మీదకి వచ్చినప్పుడు ఏం చేయాలో తోచదు. వేయకపోతే పోటీవాడు వేస్తాడు. వేస్తే ఆవిడకి ఏమవుతుందో తెలియదు. లాంబ్ వేస్తాడు, రోజుకో మలుపుతో వేస్తాడు. గ్రాహం ఇక్కడ లాంబ్‌ని దోషిగా నిలబెట్టడు, వదిలిపెట్టనూ పెట్టడు. నాటకం మొత్తంలో నేను రచయితకి నూటికి నూరు మార్కులు వేసేది ఈ అరగంటకే.

ఇక ఆ మూడో పేజీ. 1970 నవంబరు 17న, పత్రిక తొలి వార్షికోత్సవానికి, పై వస్త్రం లేని యువతి ఫొటో వేశారు. మర్డాక్ అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడని, చూసి మొదట కంగు తిన్నాడని, లెక్కలు చూశాక సర్దుకున్నాడని అంటారు. నాటకంలోనూ ఆయన ఈ విషయంలో మొహమాటస్థుడే. ఫొటోలోని అమ్మాయిని గ్రాహం ఊరకే బొమ్మగా వదిలేయలేదు, ఆమెకి మాటలిచ్చాడు, లాంబ్‌ని ప్రశ్నలడిగే చోటిచ్చాడు. ఆ పనిలో కూడా కడ్లిప్‌దే తొలి అడుగన్నది చాలామంది ఎరగరు. 1938లో తన ‘సండే పిక్టోరియల్’లో అలాంటి ఫొటో వేసినవాడు ఆయనే, ముప్పై రెండేళ్ళ తర్వాత ముక్కు మూసుకున్నవాడూ ఆయనే. యార్క్‌షైర్‌లో సౌర్బీ బ్రిడ్జ్ అనే ఊరి పెద్దలు సన్‌ని గ్రంథాలయంలోంచి తీసేయించారు. లాంబ్‌కి కావలసింది అదే. ఆ ఊరిని ఆటపట్టిస్తూ నెలల తరబడి రాయించాడు. 16 నెలలకి ఊరివాళ్ళే దిగొచ్చారు. మూడో పేజీ అమ్మకాల్ని పెంచింది, కాదనను. అప్పటికే పరిగెడుతున్న బండికి అది ఇంకో గుర్రం, అంతే. ఆ గుర్రాన్ని 2015 దాకా విప్పలేదు.

చరిత్ర చదువుకుని నాటకానికి వెళ్ళినవాడికి ఒక చోట గట్టిగా అడ్డు తగులుతుంది. నాటకంలో ఏడాదిలో మిర్రర్‌ని దాటాలన్నది పందెం. నిజంగా దాటింది 1978లో, తొమ్మిదేళ్ళకి. నాటకానికి గడియారం కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ కుదింపులో ఒక ముఖ్యమైన సంగతి జారిపోయింది. 1970 ఎన్నికల్లో సన్ లేబర్ పార్టీకే ఓటెయ్యమంది. హెరాల్డ్ రక్తం ఇంకా ఉంది. 1974 వచ్చేసరికి కన్సర్వేటివ్ పార్టీ వైపు జరిగింది, 1979లో మార్గరెట్ థాచర్‌కి జై కొట్టింది. లేబర్ ఇళ్ళలో చేరి, టీవీ కబుర్లతో, పోటీలతో ఇంటి మనిషైపోయి, ఆ తర్వాత మెల్లగా పార్టీ మార్చింది. ఏడాదిలో అయ్యే పని కాదది. తొమ్మిదేళ్ళు పట్టింది కాబట్టే ఎవరికీ నొప్పి తెలియలేదు.

సిరా బలం ఏపాటిదో చూడాలంటే 1979 జనవరి 11 నాటి సన్ మొదటి పేజీ చాలు. దేశమంతా సమ్మెలు, చలికాలం. ప్రధాని జేమ్స్ కాలహాన్ కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో శిఖరాగ్ర సమావేశం ముగించుకుని ముందురోజు దిగాడు. విమానాశ్రయంలో విలేకరులు దేశంలో పెరుగుతున్న గందరగోళం గురించి అడిగితే, బయటి ప్రపంచానికి అలా కనిపించడం లేదు అన్న అర్థంలో ఏదో పొడుగ్గా చెప్పాడు. డెస్కు దాన్ని మూడు మాటలు చేసింది: సంక్షోభమా? ఏం సంక్షోభం? కాలహాన్ ఆ మాటలు ఎన్నడూ అనలేదు. ఈ రోజుకీ బ్రిటన్‌లో ఆయన పేరు చెబితే అవే గుర్తుకొస్తాయి. ఆ మే నెలలో ఆయన ఓడిపోయాడు. మరుసటి ఏడాది లాంబ్ సర్ లారీ లాంబ్ అయ్యాడు. ఆ మరుసటి ఏడాది మర్డాక్ ఆయన్నీ సాగనంపి, ఆయన కుర్చీలో కెల్విన్ మెకంజీని కూర్చోబెట్టాడు. మెకంజీ ముందు లాంబ్ సన్ పంతులుగారి పత్రికలా కనిపించేంత మోత మోగించాడు. ఆ సంగతి ఇంకో రెండు వారాలకి.

ముందు బ్రిగిన్‌షా బేరం సంగతి తేలాలి. 1969లో మాక్స్‌వెల్ వద్దు, మర్డాక్ ముద్దు అనుకున్న యూనియన్లు అప్పటికి తప్పు లెక్క వేయలేదు. సన్ పెరిగిన కొద్దీ రాత్రి షిఫ్టులు పెరిగాయి, ఓవర్‌టైము పెరిగింది, బూవరీ స్ట్రీట్ ప్రెస్సు మనిషి జీతం చూసి డెస్కు మీది సబ్ ఎడిటర్ కుళ్ళుకునే రోజులొచ్చాయి. అదే కాలంలో మర్డాక్ లండన్ తూర్పున వాపింగ్ అనే పాత రేవు ప్రాంతంలో ఒక భవనం కట్టించాడు. అందులో లైనోటైపు లేదు, స్టోన్ లేదు, కరిగిన సీసం లేదు. విలేకరి కంప్యూటరు మీద కొట్టిందే పేజీలోకి వెళ్ళిపోతుంది. 1986 జనవరి 24న యూనియన్లు సమ్మెకి దిగాయి. దిగినవాళ్ళందరికీ తొలగింపు నోటీసులు అందాయి, సుమారు 5,500 మందికి. పత్రిక మాత్రం ఆగలేదు. ముళ్ళకంచె వెనక ఆ రాత్రి దాన్ని ఎవరు అచ్చేశారు, లారీలు ఏ దారిన బయటికి వెళ్ళాయి అన్నది వచ్చే వారం.

(సశేషం)